గిటారు బ్రిడ్జి కదలాలా, వద్దా?



గిటారు నేర్చుకోవడానికి మా దగ్గరికి వచ్చే పిల్లలు, నాలుగు పాటలు చేతికి రాగానే ఎలక్ట్రిక్ గిటారు మీద మనసు పడతారు. ఇంట్లో అమ్మానాన్నలను ఒప్పించి, హైదరాబాద్ పోయి కొనుక్కొచ్చే ముందు నన్నో మాట అడుగుతారు. "సార్, రాడ్ ఉన్నది తీసుకోవాల్నా, లేనిది తీసుకోవాల్నా?" అని. వాళ్ళడిగేది ట్రెమొలో బార్ గురించి. కుడి చేతి కింద, తీగలు ఆనే బ్రిడ్జికి బిగించి ఉండే సన్నటి ఉక్కు కడ్డీ అది. దాన్ని నొక్కితే తీగలన్నీ ఒక్కసారి వదులై స్వరం కిందికి జారుతుంది. వదిలేస్తే మళ్ళీ పైకొస్తుంది. యూట్యూబ్‌లో చూసిన ఏ పిల్లవాడికైనా అది కావాలనే ఉంటుంది.

ఇంట్లోవాళ్ళు అప్పోసప్పో చేసి కొనిపెట్టే వస్తువు కాబట్టి ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. నా జవాబు ముందే చెప్పేస్తాను. మన పాటలు, మన రాగాలు వాయించాలనుకునేవాళ్ళు, అందులోనూ నిజామాబాద్, బోధన్, బాన్సువాడ వంటి ఊళ్ళలో ఉండేవాళ్ళు, కదలని బ్రిడ్జి ఉన్న గిటారే కొనుక్కోవాలి. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ కదిలే బ్రిడ్జి ఎలా పనిచేస్తుందో చూడాలి.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫుల్లర్టన్ అనే ఊళ్ళో లియో ఫెండర్ అనే ఆయన రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. కానీ వాయించేవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళ ఇబ్బందులు విని, గిటార్లు తయారుచేశాడు. 1950లో ఆయన అమ్మకానికి తెచ్చిన గిటారుకే ఆ మరుసటేడు టెలీకాస్టర్ అనే పేరు స్థిరపడింది. దానిది కదలని బ్రిడ్జి. ఒక ఇనుప రేకు, దాని మీద మూడు చిన్న గొట్టాలు, ఒక్కో గొట్టం మీద రెండేసి తీగలు. తీగలు గిటారు వెనక నుంచి చెక్కలోంచి దూరి పైకి వస్తాయి. అంతకన్నా ఏమీ లేదు. 1954లో ఆయనే కదిలే బ్రిడ్జి ఉన్న స్ట్రాటోకాస్టర్ తెచ్చాడు. ఇవాళ మన దుకాణాల్లో వేలాడే ఎలక్ట్రిక్ గిటార్లలో చాలా ఆ రూపానికి నకళ్ళేనంటే తప్పు లేదు.

స్ట్రాటోకాస్టర్ బ్రిడ్జి ముందు అంచును ఆరు స్క్రూలు పట్టి ఉంచుతాయి. ఆ అంచు మీదే బ్రిడ్జి ముందుకూ వెనక్కూ ఊగుతుంది. బ్రిడ్జి అడుగున ఒక లోహపు దిమ్మ చెక్కలోకి దిగి ఉంటుంది. గిటారు వెనక మూత తీస్తే కనిపించేది అదే. ఆ దిమ్మను మూడు నుంచి ఐదు స్ప్రింగులు మెడ వైపుకి లాగుతూ ఉంటాయి. పైన ఆరు తీగలు, కింద స్ప్రింగులు. సరిగ్గా తక్కెడ లాంటి ఏర్పాటు. ఒకవైపు బరువు పెరిగితే ముల్లు అటు వాలుతుంది, తగ్గితే ఇటు వాలుతుంది.

ఆ బరువు ఎంతో తెలిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మామూలుగా వాడే తొమ్మిది గేజి మందం తీగల సెట్టు శృతి చేసినప్పుడు ఆరు తీగలూ కలిసి సుమారు 38 కిలోల బలంతో లాగుతాయి. పది గేజి సెట్టయితే 47 కిలోల దాకా పోతుంది. ఓ మోస్తరు సిమెంటు బస్తా బరువన్నమాట. దాన్ని ఆ స్ప్రింగులు ఎదురు లాగి నిలబెడుతున్నాయి. మీరు ఒక తీగ శృతి మారిస్తే మిగిలిన ఐదూ మారతాయి. ఒకదాన్ని పైకి తెస్తే తక్కినవి దిగుతాయి. దాంతో మళ్ళీ మొదటికి రావాలి. కొత్తగా నేర్చుకునేవాడికి ఇక్కడే సగం ఉత్సాహం చస్తుంది. పాట నేర్చుకోవాల్సిన గంటలో మూడొంతులు ట్యూనింగుకే పోతుంది.

తీగ తెగితే ఇంకా ఇబ్బంది. బోధన్‌లో ఒక పెళ్ళి రిసెప్షన్‌లో నేను కళ్ళారా చూశాను. మా వైపు ఆర్కెస్ట్రా గిటారిస్టు పని సులువైంది కాదు. ఒక్క రాత్రిలో తెలుగు పాటలు వాయించాలి, హిందీ పాటలు వాయించాలి, మధ్యలో ఖవ్వాలీ అడుగుతారు, సరిహద్దు అవతలి నుంచి వచ్చిన చుట్టాలు మరాఠీ పాట అడుగుతారు. ఆ కుర్రవాడు అన్నిటికీ సిద్ధంగానే ఉన్నాడు. చరణం మధ్యలో సన్న తీగ పుటుక్కున తెగింది. కదలని బ్రిడ్జి ఉన్న గిటారయితే మిగిలిన ఐదు తీగల మీద పాట ముగించవచ్చు. అతనిది స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జి. ఒక తీగ బలం తగ్గేసరికి స్ప్రింగులు బ్రిడ్జిని వెనక్కి లాగేశాయి, ఐదు తీగలూ ఒకేసారి పైకెక్కి కూర్చున్నాయి. కీబోర్డు ఒక శృతిలో, గిటారు ఇంకో శృతిలో. అతను చేసేదేమీ లేక వాల్యూమ్ బటన్ సున్నాకి తిప్పి, పాట అయ్యేదాకా ఉత్తుత్తిగా చేయి ఆడిస్తూ నిలబడ్డాడు. అతని ముఖం చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. వాయించడం వచ్చినవాడు వాయించలేకుండా నిలబడ్డాడు.

ఇవన్నీ వసతికి సంబంధించిన మాటలు. అసలు మాట సంగీతానికి సంబంధించింది. దాని కోసం ఒకసారి గిటారు పక్కన పెట్టి వీణ దగ్గరికి పోదాం.

విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చెక్కుతారు. వీణకు 24 మెట్లు. వాటి మీదుగా నాలుగు తీగలు, పక్కన తాళం వేయడానికి మూడు తీగలు. బ్రిడ్జి కదలదు. అయినా సరే, ప్రపంచంలో స్వరాన్ని అంత సాగదీసే మెట్ల వాద్యాలు బహు తక్కువ. ఈమని శంకరశాస్త్రి గారి వీణ గానీ, చిట్టిబాబు గారి వీణ గానీ విన్నవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు. ఆ సాగుడంతా ఎడమ చేతి వేళ్ళలో ఉంది. తీగను మెట్టు మీద పక్కకు లాగితే స్వరం పైకి పోతుంది, వదులుతూ వస్తే దిగుతుంది.

లాగితే పైకే పోతుంది కదా, మరి కిందికి జారాలంటే ఎలా అని పిల్లలు అడుగుతారు. ట్రెమొలో రాడ్ కావాలనడానికి చూపే ముఖ్యమైన కారణం కూడా ఇదే. వైణికులు ఈ లెక్క ఎప్పుడో తేల్చేశారు. పై స్వరం నుంచి కిందికి రావాలంటే, కింది మెట్టు మీదే వేలు పెట్టి, తీగను ముందే లాగి పట్టుకుని, అప్పుడు మీటి, మెల్లగా వదులుతారు. వినేవాడికి పై స్వరం నుంచి జారినట్టే వినిపిస్తుంది. తోడి రాగంలో గాంధారం ఊగే తీరు విన్నారా? దానికి కావలసిన కదలికంతా వేలు ఇస్తుంది. గిటారు మీద కూడా ఇదే పని చేయవచ్చు. మెత్తటి తీగలు వేసుకుంటే ఒక పూర్తి స్వరం పైకి లాగడం నెల రెండు నెలల సాధనలో పట్టుబడుతుంది.

ఇక్కడే తేలే బ్రిడ్జి అడ్డం పడుతుంది. మన సంగీతంలో ఆధార శృతి ఎప్పుడూ మోగుతూ ఉండాలి. గిటారు మీద వాయించేటప్పుడు మందపు తీగను షడ్జంగా మోగిస్తూ, సన్న తీగ మీద గమకం, అంటే ఇందాక చెప్పిన స్వరం ఊగుడు, పలికిస్తాం. తేలే బ్రిడ్జి మీద మీరు సన్న తీగను లాగారనుకోండి, ఆ తీగ బలం పెరిగి బ్రిడ్జి ముందుకు వాలుతుంది. వాలగానే మందపు తీగ వదులై షడ్జం దిగిపోతుంది. గమకం వదిలేసరికి షడ్జం మళ్ళీ పైకొస్తుంది. అంటే పాటకు ఆధారమైన స్వరమే ప్రతి గమకానికీ ఊగుతోంది. కూర్చున్న నేలే కదులుతుంటే రాగం ఎక్కడ నిలబడుతుంది? వీణ మీద మీరు ప్రధాన తీగను ఎంత లాగినా పక్కనున్న మూడు తీగలూ ఉన్నచోటే ఉంటాయి. మన పెద్దలు అలా అమర్చుకున్నారు. నాకు ఈ ఒక్క కారణం చాలు.

మన తెలుగువాళ్ళలోనే దీనికి గొప్ప నిదర్శనం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మనమంతా మాండలిన్ శ్రీనివాస్ అని పిలుచుకునే ఆయన. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు పాడి వినిపిస్తే ఆయన మాండలిన్ మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసినప్పుడు ఆయనకు తొమ్మిదేళ్ళు. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా ఉంటాయి. జంట తీగల మీద గమకం సాఫీగా పలకదు. స్వరం ఎక్కువసేపు నిలవదు కూడా. ఆయన బోలు పెట్టె ఉన్న మాండలిన్ వదిలి, గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. జంటలు తీసేసి విడి తీగలు వేశాడు. కింది స్థాయి అందడానికి ఐదో తీగ చేర్చాడు. కర్ణాటక సంగీతం కోసం ఒక ఎలక్ట్రిక్ వాద్యాన్ని ఎలా మలుచుకోవాలో ఆ మార్పులే చెబుతాయి. తీగల సంఖ్య మార్చాడు, శరీరం మార్చాడు, గమకాన్ని మాత్రం ఎడమ చేతి వేళ్ళకే అప్పగించాడు. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ళకే ఆయన మనకు దూరమయ్యాడు. ఆయన రికార్డులు వింటూ ఉంటే ఇంకా ఏ రాడ్డు కావాలనిపిస్తుంది చెప్పండి!

ఆయనతో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో వాయించిన బ్రిటిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాగ్లిన్, అంతకు ముందు 1970ల్లో శక్తి బృందం కోసం తన గిటారును వీణకు దగ్గరగా తెచ్చుకున్నాడు. మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించుకున్నాడు. అప్పుడు వేలికి చెక్క తగలదు, తీగ ఒక్కటే తగులుతుంది, లాగడం సులువవుతుంది. కింద మోగుతూ ఉండే శృతి తీగలు అడ్డంగా వేయించుకున్నాడు. ఆయన మార్పులన్నీ ఎడమ చేతికి సాయం చేసేవే.

ఎదుటి పక్షం మాట కూడా చెప్పాలి. ఆ పక్షంలో నాకు ఎంతో ఇష్టమైన వాద్యకారుడు ఒకాయన ఉన్నాడు, జెఫ్ బెక్. ఆయన 2023 జనవరిలో కన్నుమూశాడు. ట్రెమొలో రాడ్ కుడి అరచేతిలో పట్టుకుని, ఒక్కో స్వరాన్ని దానితో ఎత్తుతూ దించుతూ పాడించేవాడు. 1989లో వచ్చిన 'వేర్ వర్ యూ' అనే వాదనంలో రాగమంతా దాదాపు ఆ రాడ్డు మీదే నడుస్తుంది. 2001లో నితిన్ సాహ్నీ స్వరపరిచిన 'నాదియా' వాయించాడు. మన గాయకులు తీసే మెలికలు అందులో ఉన్నాయి. అవి విన్నాక రాడ్డుతో గమకం రాదని నేను అనను. వస్తుంది. కానీ ఒకటి గమనించండి. జెఫ్ బెక్ వెనక శృతి మోగించే పని వేరేవాళ్ళది. ఆయన ఒక్క తీగ మీద ఒక్క స్వరం పలికించేవాడు. గిటారు పని చూసుకోవడానికి పక్కన నిపుణుడు ఉండేవాడు. ఆ చెయ్యి సాధించడానికి ఆయన జీవితమంతా పట్టింది.

దీనికి భిన్నంగా బ్లూస్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్‌ను చూడండి. ఆయన వాయించేది స్ట్రాటోకాస్టరే. ఐదు స్ప్రింగులూ బిగించి, వెనక చెక్క ముక్క దూర్చి, బ్రిడ్జి కదలకుండా చేయించుకున్నాడు. ఆయనకు ఆ గిటారు ఒళ్ళూ, గొంతూ కావాలి, ఊగుడు వద్దు. తీగలు పక్కకు లాగి బ్లూస్ వాయించేవాడికి అదే తగింది. రాగం వాయించేవాడికీ అదే తగింది.

1970ల చివర్లో ఫ్లాయిడ్ రోజ్ అనే ఆయన ఇంకో రకం తెచ్చాడు. తీగను రెండు చివర్లా బిగించి తాళం వేసేస్తాడు. రాడ్డును ఎంత ఊపినా శృతి చెడదు. నిజమే, గొప్ప పనితనం. హెవీ మెటల్ వాయించేవాళ్ళకు అది ప్రాణం. కానీ తీగ మార్చాలంటే చివరి గుండు కత్తిరించాలి, అలెన్ కీలు వెతకాలి, ఓపిగ్గా మళ్ళీ బ్రిడ్జిని సమం చేయాలి. ఒక తీగ లాగితే మిగిలినవి దిగే గుణం మాత్రం దానికీ పోలేదు.

మన ఊళ్ళ సంగతికి వస్తాను. మే నెలలో ఇక్కడ ఎండ ఒక్కోసారి 45 డిగ్రీలు దాటుతుంది. జూలైకల్లా గాలిలో తేమ, చెరకు తోటల నడుమ మరీను. చెక్క కొద్దిగా ఉబ్బుతుంది, కొద్దిగా ఎండుతుంది, మెడ వంపు మారుతుంది. ఉక్కు తీగలు చెమటకు తుప్పు పడతాయి. కదలని బ్రిడ్జి మీద ఈ మార్పులకు బిరడాలు తిప్పితే సరి. తేలే బ్రిడ్జి మీద సమతూకమంతా మళ్ళీ చూసుకోవాలి. ఆ పని తెలిసినవాళ్ళు హైదరాబాద్‌లో ఉన్నారు, ఇక్కడ దొరకడం కష్టం.

అయితే ఇప్పటికే రాడ్ ఉన్న గిటారు కొనేసినవాళ్ళు దిగులు పడకండి. బోధన్ నుంచి వచ్చే ఒక అబ్బాయి గిటారు ఎంత శృతి చేసినా నిలిచేది కాదు. వాళ్ళ తాత శక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది గానీ, అక్కడ పనిచేసిన చేతులకు పని మరుపు రాలేదు. ఆయన గిటారును బల్ల మీద బోర్లా పెట్టి, వెనక మూత విప్పి, బ్రిడ్జి ఊడదీసి, స్క్రూలకు ఆనే అంచును గోటితో మెల్లగా గీరి చూశాడు. ఒకచోట గోరు ఆగింది. "గీడ సొట్ట వడ్డది సూడు బిడ్డా. మెత్తటి లోహం. ఊగినప్పుడల్లా గా సొట్టల ఇరుక్కుంటది. ఇగ సుతి ఎట్ల నిలుస్తది?" అన్నాడు. చవక గిటార్లలో జరిగేది సరిగ్గా అదే.

ఆయన చేసిన మరమ్మతు మీరూ చేసుకోవచ్చు. ముందు స్ప్రింగులను పట్టుకుని ఉండే కొక్కెం రేకుకు ఉన్న రెండు స్క్రూలను అరచుట్టు అరచుట్టుగా బిగించాలి. మధ్యమధ్యలో తీగలు శృతి చేస్తూ, బ్రిడ్జి రేకు గిటారు ఒంటికి పూర్తిగా ఆనేదాకా బిగించాలి. అప్పుడు స్ప్రింగుల బలం తీగల బలం కన్నా ఎక్కువై, బ్రిడ్జి కూర్చున్నచోటే కూర్చుంటుంది. తీగ తెగినా మిగిలినవి పైకెక్కవు. తర్వాత లోపలి లోహపు దిమ్మకూ, బెల్టు గుండీ వైపున్న చెక్క గోడకూ మధ్య ఖాళీ కొలిచి, అంతే మందం టేకు ముక్క కోసి, గరుకు కాగితంతో రుద్ది, బిగుతుగా దూర్చాలి. ఆ తాత గారయితే చివర్లో పోస్టుకార్డు ముక్క ఒకటి మడిచి సందులో పెట్టాడు. వడ్రంగి దగ్గర తునక టేకు దొరుకుతుంది, ఖర్చు పెద్దగా ఉండదు. ఎప్పుడైనా రాడ్ కావాలనుకుంటే ఆ ముక్క లాగేస్తే సరి, గిటారుకు ఏ హానీ లేదు. ఇంకొకటి, తలవైపు తీగలు ఆనే నట్ గాడుల్లో మెత్తటి పెన్సిల్ ముల్లు రుద్దండి. తీగ అక్కడ ఇరుక్కోకుండా జారుతుంది. ఆ అబ్బాయి గిటారు ఇప్పుడు శృతిలో నిలుస్తోంది. మోహనం వాయిస్తున్నాడు.

కొత్తగా కొనబోయేవాళ్ళకు ఒక పరీక్ష చెబుతాను. దుకాణంలో గిటారు చేతికి తీసుకుని, అన్నిటికన్నా మందపు తీగను మీటి మోగనివ్వండి. అది మోగుతుండగానే మూడో తీగను మధ్య మెట్ల దగ్గర గట్టిగా పక్కకు లాగండి. మందపు తీగ స్వరం కిందికి జారిందా, నిలిచిందా, చెవి పెట్టి వినండి. ఆ స్వరం నిలిచిన గిటారే కొనండి. దుకాణదారు ఎంత మెరిసే రాడ్ చూపించినా సరే.